టీవీకి నెట్ లాగండి, పాటకి వైరు లాగండి: ఇల్లంతా ఆడియో, వీడియో పెట్టుకునే పద్ధతి

ఇల్లు కడుతున్నాం, కింద హాల్లో ఒక టీవీ, పైన రెండు టీవీలు, వంటింట్లో వరండాలో పాటలు రావాలి, ఏం కొనమంటారు అని అడిగేవాళ్ళు మా విజయనగరం వైపు బాగా ఎక్కువయ్యారు. నరసన్నపేట నుంచి ఒకరు, గజపతినగరం నుంచి ఒకరు, అందరిదీ ఒకటే ప్రశ్న, ఏం కొనాలి అని. ఇప్పుడే ఏమీ కొనకండి. స్లాబ్ వేసేశారా లేదా, గోడలకి ప్లాస్టరింగ్ అయిందా లేదా, ముందు అది చూసుకోండి. పెట్టెలు నాలుగైదేళ్ళకి ఎలాగూ మారిపోతాయి, గోడలో పెట్టిన పైపు మాత్రం ఇల్లున్నన్నాళ్ళూ అలాగే ఉంటాది.

నా లెక్క ఇది. బొమ్మని గదిగదికీ మోసుకెళ్ళకండి, నెట్‌ని తీసుకెళ్ళి టీవీ దగ్గరే చిన్న పెట్టె పెట్టండి. పాటలకి దీనికి రివర్సు, యాంప్ (స్పీకర్లని నడిపే పెట్టె) ఒక్కచోటే పెట్టి అక్కణ్ణుంచి స్పీకర్ వైరు గదులకి లాగండి. చాలామంది దీన్ని పూర్తిగా తిరగేసి చేస్తారు, వీడియోకి ఒక్కచోట నుంచి టీవీలన్నిటికీ బొమ్మ పంచే పెద్ద హెచ్‌డీఎమ్‌ఐ మ్యాట్రిక్స్ కొంటారు, పాటలకి గదికో బ్లూటూత్ స్పీకర్ కొంటారు, ఏడాది తిరక్కుండా రెండూ మూలన పడతాయి.

మెట్ల కింద అల్మారా

వైర్లన్నీ వచ్చి కలిసే చోటు ఒకటి ఖాయం చేసుకోండి. మన ఇళ్ళల్లో మెట్ల కింద జాగా దీనికి బాగా సరిపోద్ది. కాకపోతే ఇన్వర్టర్ కూడా అక్కడే పెడతారు కాబట్టి బ్యాటరీకి మూడడుగులైనా దూరంగా ఉంచండి, ఆ యాసిడ్ ఆవిరికి కనెక్టర్లు పచ్చబడిపోతాయి. బాత్రూం గోడకి ఆనించొద్దు, తలుపు పెడితే జాలీ తలుపు పెట్టండి, యాంప్ వేడెక్కుద్ది. ఫైబర్ వైరు, డాబా మీద డిష్ నుంచి వచ్చే వైరు అన్నీ ఇందులోకే రావాలి, ఇందులోంచే ప్రతి గదికీ విడివిడిగా పోవాలి. ఒక గదిలోంచి ఇంకో గదికి లూప్ కొట్టుకుంటూ పోవడం లైట్లకి చెల్లుద్ది గానీ దీనికి పనికిరాదు, మధ్యలో ఒక్క చోట తేడా వస్తే అక్కణ్ణుంచి అవతలున్నవన్నీ పోతాయి, ఎక్కడ పోయిందో వెతకడం ఇంకో పని.

"కరెంటు వైరూ లాన్ వైరూ ఒకే పైపులో తోసేద్దాం బాబూ, ఏటవుతాది" అంటాడు కరెంటు పని చేసే ఆయన. ఒప్పుకోకండి. ఎప్పుడైనా ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులు మీ టీవీ లాన్ పోర్టులోకి వస్తాయి, అది ప్రమాదం. అది కాకపోయినా స్పీకర్లలో గుయ్ మని వస్తూనే ఉంటాది. పక్కపక్కనే నడవాల్సి వస్తే ఒక అడుగు ఎడం ఉంచి, దాటాల్సిన చోట అడ్డంగా 90 డిగ్రీల్లో దాటించమనండి. పైపు 25 ఎంఎం వేయించండి, మూల తిరిగే చోట ఎల్బో కాకుండా పొడుగు బెండ్ పెట్టించండి, ఎల్బోలో క్యాట్6 వైరు (నెట్ నడిచే లాన్ వైరు) లాగితే లోపల జతలు నలిగిపోతాయి. పైపు నిండా కుక్కకండి, సగం కూడా నిండకూడదు, ఖాళీగా వదిలిన పైపుల్లో తర్వాత వైరు లాక్కోడానికి జీఐ తీగ ఒకటి వేసి ఉంచండి.

ప్రతి టీవీ దగ్గరికి క్యాట్6 వైర్లు రెండు, ఆర్‌జీ6 కోయాక్స్ (డిష్‌కీ కేబుల్ టీవీకీ వాడే వైరు) ఒకటి, ఒక ఖాళీ పైపు. టీవీ వెనక నుంచి కింద యూనిట్ దాకా గోడలో ఇంకో పైపు వేయించండి, అది మాత్రం 40 ఎంఎం ఉండాలి, హెచ్‌డీఎమ్‌ఐ వైరు తలకాయ సన్న పైపులో దూరదు, ఇది మర్చిపోయి ఖరీదైన టీవీ కింద నల్ల వైరు వేలాడేసుకున్న ఇళ్ళు బోలెడు. ప్రతి అంతస్తులో మధ్యన సీలింగ్‌కి ఒక క్యాట్6, వైఫై యాక్సెస్ పాయింట్ (వైరుతో వచ్చిన నెట్‌ని అక్కడ వైఫైగా ఇచ్చే పెట్టె) కోసం. స్పీకర్ వచ్చే గదుల్లో స్విచ్ బోర్డు పక్కన ఒక ఖాళీ బాక్స్, వాల్యూమ్ నాబ్ కోసం. అది ఎందుకో కింద చెప్తాను.

వైరు కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. అల్యూమినియం మీద రాగిపూత వేసిన క్యాట్6 బజార్లో తిరుగుతాది. 305 మీటర్ల పెట్టె మరీ చవగ్గా ఇస్తున్నాడంటే అదే అయ్యుంటాది. ఒక తీగని బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనబడితే వదిలేయండి. స్పీకర్ వైర్‌కీ ఇదే పరీక్ష. రెండు కొసలా రంగుల వరస ఒక్కటే ఉండాలి: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ. పెయింటు వెయ్యకముందే చిన్న లాన్ టెస్టర్ పెట్టి ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతున్నాయో లేదో చూసి, రెండు కొసలా మార్కర్‌తో గది పేరు రాయించండి, గోడలు పూడ్చకముందు టేపు పెట్టి ఫోన్లో ఫోటోలు తీసుకోండి, తర్వాత మేకు ఎక్కడ కొట్టకూడదో తెలుస్తాది.

బొమ్మ సంగతి

హెచ్‌డీఎమ్‌ఐ వైరు మామూలుది 4కేలో 5 మీటర్లు దాటితే నమ్మకం తక్కువ, 1080పి అయితే 10 మీటర్ల దాకా నడుస్తాది. అంతకు మించితే లోపల ఫైబర్ ఉండే ఆప్టికల్ హెచ్‌డీఎమ్‌ఐ కొనాలి, దానికి దిశ ఉంటాది, ఒక కొస పెట్టెకి ఒక కొస టీవీకి అని దాని మీదే రాసుంటాది, తిరగేసి పెడితే బొమ్మ రాదు. లేదంటే క్యాట్6 మీద పంపే ఎక్స్‌టెండర్లు ఉన్నాయి, హెచ్‌డీబేస్‌టీ రకం అయితే మంచివి 1080పిని 100 మీటర్ల దాకా పంపుతాయి. దీన్ని మాత్రం నెట్‌వర్క్ స్విచ్ (లాన్ వైర్లన్నీ కలిసే పెట్టె) లోంచి పోనివ్వకూడదు, వైరు అదే అయినా అందులో నడిచేది ఇంటర్నెట్ కాదు, నేరుగా ఒక కొస నుంచి ఇంకో కొసకి ఉండాలి.

ఇవన్నీ పనిచేస్తాయి, కాదనను. స్ప్లిట్టర్ అంటే ఒక బొమ్మ అన్ని టీవీల్లోకి, మ్యాట్రిక్స్ అంటే ఏ బొమ్మ కావాలంటే ఆ టీవీలోకి. అయితే పెట్టె అల్మారాలో ఉంటాది, రిమోట్ మీ చేతిలో పైన గదిలో ఉంటాది, రిమోట్ వెలుతురు గోడ దాటదు, దానికి మళ్ళీ ఐఆర్ ఎక్స్‌టెండర్ తెచ్చుకోవాలి. 4కే ఓటీటీ చూడాలంటే మధ్యలో ఉన్న ప్రతి పెట్టే హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కొట్టకుండా వేసే తాళం లాంటిది) ఒప్పుకోవాలి, ఒక్కటి పాతదైనా నల్ల తెర. ఇంకొకటి, ఒక టీవీ 4కే ఇంకొకటి పాత 1080పి ఉంటే చాలా స్ప్లిట్టర్లు రెండింటికీ తక్కువదే ఇస్తాయి, కొత్త టీవీ కొన్న సరదా అక్కడితో పోయింది. ఇంటికి ఇదంతా అనవసరం. హోటలుకో కల్యాణమండపానికో అయితే స్ప్లిట్టరో మ్యాట్రిక్సో పెట్టండి, అక్కడ ఏ తెర మీద ఏ బొమ్మ రావాలో ఒకళ్ళే నడపాలి.

ఇంట్లో అయితే ప్రతి టీవీకీ లాన్ వైరు పెట్టి టీవీలో ఉన్న యాప్‌లు గానీ టీవీకి గుచ్చే స్ట్రీమింగ్ స్టిక్ గానీ వాడుకోండి. అమ్మ సీరియల్ అమ్మది, పిల్లల బొమ్మలు పిల్లలవి, ఎవడి రిమోట్ వాడి దగ్గరే. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళ లెక్క ప్రకారం 4కే చూడ్డానికి ఒక్కో తెరకి 15 ఎంబీపీఎస్, 1080పికి 5 ఉంటే చాలు, అంటే మూడు టీవీలూ ఒకేసారి 4కే నడిచినా 50 ఎంబీపీఎస్ ప్లాన్‌లో సరిపోద్ది. అయినా ఆగుతోందంటే చాలాసార్లు తప్పు నెట్‌ది కాదు, వైఫైది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ స్లాబ్ దాటి పైకి సరిగ్గా పోదు, అందుకే పైన సీలింగ్‌కి విడిగా వైరు వేయించమన్నది. రిపీటర్ కొనకండి, వైరుతో యాక్సెస్ పాయింట్ పెట్టండి.

ఇక్కడ చాలామంది ఇరుక్కునే చోటు ఒకటుంది. ఫైబర్ వాడు ఇచ్చిన పెట్టె ఒక వైఫై ఇస్తాది, మీరు కొన్న రూటర్ ఇంకో వైఫై ఇస్తాది, ఫోన్ ఒకదాంట్లో టీవీ ఒకదాంట్లో ఉంటే ఫోన్లోంచి టీవీకి క్యాస్ట్ చేద్దామంటే టీవీ అసలు కనబడదు. మీ రూటర్‌ని సెట్టింగుల్లోకెళ్ళి యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టేయండి, అప్పుడు ఇంట్లో నెట్‌వర్క్ ఒక్కటే అవుతాది. గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్‌కి కూడా టీవీ కనబడదు, అది కావాలనే అలా చేస్తారు, చుట్టాల పిల్లలు మీ టీవీలో ఏదిపడితే అది పెట్టకుండా.

డిష్ ఉన్నవాళ్ళకి ఒక మాట. ఒకే డిష్ వైరుని మామూలు స్ప్లిట్టర్‌తో చీల్చి రెండు పెట్టెలకి ఇస్తే రెండూ సరిగ్గా పనిచేయవు, ఎందుకంటే పెట్టె 13 వోల్టులో 18 వోల్టులో పైకి పంపి ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందుండే తలకాయకి) ఏ వైపు సిగ్నల్ కావాలో చెప్తాది, రెండు పెట్టెలు రెండు రకాలుగా అడిగితే ఒకదానికి చానళ్ళు పోతాయి. రెండు లేదా నాలుగు కొసలున్న ఎల్‌ఎన్‌బీ పెట్టించి పెట్టెకో వైరు లాగాలి. కేబుల్ అయినా ఫైబర్ టీవీ అయినా టీవీకో పెట్టె తప్పదు.

పెళ్ళి వీడియోలు, ఫోటోలు, హార్డ్‌డిస్కులో ఉన్న పాత సినిమాలు ఏ టీవీలోనైనా రావాలంటే పాత ల్యాప్‌టాప్ ఒకటి అల్మారాలో పెట్టి అందులో జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ వేయండి, డబ్బులేమీ కట్టక్కర్లేదు, చాలా టీవీల్లో దాని యాప్ దొరుకుతాది. చాలా టీవీల లాన్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే, మామూలు ఫైళ్ళకి సరిపోద్ది గానీ బ్లూరే నుంచి తీసిన పెద్ద 4కే ఫైలు ఆగి ఆగి వస్తుంటే ఆ టీవీని 5 గిగాహెర్ట్జ్ వైఫైలో పెట్టి చూడండి, నమ్మరు గానీ ఒక్కోసారి అదే మెరుగు.

పాట సంగతి

1919లో పెట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరు మాది, ఘంటసాల చదువుకున్న ఊరు, పొద్దున్నే ఇంట్లో పాట లేకపోతే పెద్దవాళ్ళకి కాఫీ దిగదు. కాబట్టి ఈ భాగం కొంచెం ఓపిగ్గా చదవండి.

మామూలు స్టీరియో యాంప్‌కి 8 ఓమ్స్ స్పీకర్లు తగిలిస్తారు, ఓమ్స్ అంటే కరెంటుకి స్పీకర్ పెట్టే అడ్డు. ఒక చానల్‌కి రెండు పక్కపక్కన (ప్యారలల్‌గా) కలిపితే 4 ఓమ్స్ అవుతాది, నాలుగు కలిపితే 2 ఓమ్స్. ఒకే ట్యాంకుకి కుళాయిల మీద కుళాయిలు తిప్పినట్టే, యాంప్ లోంచి కరెంటు అంతకంతకీ ఎక్కువ లాగుతాయి, వెనకాల కనీసం 4 ఓమ్స్ అని రాసున్న యాంప్ 2 ఓమ్స్ మీద వేడెక్కి ఆగిపోతాది, లేదా కాలిపోతాది. రెండు గదుల వరకు పర్లేదు. అంతకు మించితే 100 వోల్ట్ లైన్ పద్ధతి చూడండి.

ఇది కొత్తదేం కాదు, గుళ్ళోనూ స్కూళ్ళోనూ మైకు సెట్టుల్లో వాడేదే. అహూజా లాంటి యాంప్‌ల వెనకాల 4, 8, 16 ఓమ్స్‌తో పాటు 70 వోల్ట్, 100 వోల్ట్ అని టెర్మినళ్ళు ఉంటాయి చూడండి, అవే. ప్రతి సీలింగ్ స్పీకర్ వెనక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటాది, దానికి 6 వాట్లు, 3 వాట్లు అని ట్యాపులు, అంటే ఎంత పవర్ తీసుకోవాలో ఎంచుకునే కొసలు ఉంటాయి. మీరు చెయ్యాల్సిన లెక్కల్లా ఓమ్స్ కాదు, వాట్ల కూడిక. 6 వాట్ల ట్యాపు మీద ఎనిమిది స్పీకర్లు అంటే 48 వాట్లు, యాంప్‌లో 80 శాతమే వాడాలనుకుంటే 60 వాట్ల యాంప్ సరిగ్గా సరిపోయింది. వంటింట్లో గట్టిగా కావాలంటే అక్కడ 6, పూజ గదిలో మెల్లగా చాలంటే 3. ఎన్ని స్పీకర్లు పెంచినా అన్నీ పక్కపక్కనే తగిలించుకుంటూ పోవడమే. వైరు ఎంత పొడుగైనా నష్టం తక్కువ.

లోటు ఏంటంటే ఇది మోనో, బేస్ పెద్దగా ఉండదు. హాల్లో కూర్చుని సినిమా చూడ్డానికి ఇది పనికిరాదు, హాలుకి విడిగా సౌండ్‌బారో స్టీరియోనో ఉండనివ్వండి. వంట చేస్తూ, మొక్కలకి నీళ్ళు పోస్తూ వినడానికి మాత్రం దీన్ని మించింది లేదు. జాగ్రత్తలు రెండు. ట్రాన్స్‌ఫార్మర్ లేని మామూలు స్పీకర్‌ని 100 వోల్ట్ టెర్మినల్‌కి తగిలిస్తే స్పీకర్ పోద్ది. ఆ వైరుకి గట్టి పాట వస్తున్నప్పుడు షాక్ కొట్టేంత వోల్టేజ్ ఉంటాది, అతుకులు బయటికి వదిలేయకండి.

స్టీరియోనే కావాలనుకునేవాళ్ళు వైరు మందం చూసుకోండి. 8 ఓమ్స్ స్పీకర్‌కి 15 మీటర్ల దూరం వరకు 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు చాలు, 25 మీటర్లు అయితే 2.5 వేయండి. ఆ లెక్కన వైరులో పోయే రెసిస్టెన్స్ 5 శాతం లోపే ఉంటాది, చెవికి తెలీదు. వేలకి వేలు పోసి స్పెషల్ వైర్లు అమ్ముతారు, అవి గోడలోకి పోయాక ఎవరికీ కనబడవు, వినబడవు కూడా.

యాంప్‌లోకి పాట ఎక్కణ్ణుంచి వస్తాది అంటే, వైఫై స్ట్రీమర్ ఒకటి పెట్టండి, ఫోన్లోంచి నేరుగా పాట పంపొచ్చు, ఫోన్ జేబులో పెట్టుకుని బజారుకెళ్ళిపోయినా చాలా యాప్‌లలో పాట ఆగదు. బ్లూటూత్ అయితే ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్తే తెగిపోద్ది, ఫోన్ వస్తే ఇల్లంతా రింగ్‌టోన్. కంప్యూటర్ పని తెలిసిన కుర్రాళ్ళుంటే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద స్నాప్‌కాస్ట్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చు, గదికొకటి పెట్టినా అన్నిట్లో పాట ఒకేసారి వస్తాది, తేడా ఒక మిల్లీసెకను కన్నా తక్కువే.

ఈ ఒకేసారి రావడం చిన్న విషయం కాదు. హాల్లో ఒక స్పీకర్ వంటింట్లో ఇంకో స్పీకర్ ఒక 50 మిల్లీసెకన్లు తేడాగా పాడాయంటే మధ్యలో నిలబడ్డవాడికి తిరణాల్లో రెండు మైకులు విన్నట్టు ఉంటాది. అందుకే రెండు కంపెనీల స్పీకర్లు కలపకండి. గూగుల్ వాటిని గూగుల్ గ్రూపులో, అమెజాన్ ఎకోలని ఎకో గ్రూపులో, ఆపిల్ వాళ్ళు ఎయిర్‌ప్లే 2లో, అంతే. వైరుతో ఒకే యాంప్ నుంచి పోతే ఈ గొడవే లేదు, వైరులో ఆలస్యం ఉండదు.

టీవీ శబ్దం వరండాలోకి కూడా రావాలంటే, పైడితల్లమ్మ సిరిమాను రోజు ఇంటినిండా చుట్టాలు దిగినప్పుడు ఇది కావాల్సొస్తాది, అప్పుడు వైఫై గ్రూపు వాడకండి, పెదాలు ముందు మాట తర్వాత అవుతాది. టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి చిన్న డాక్ (డిజిటల్ శబ్దాన్ని మామూలు ఆడియోగా మార్చే డబ్బీ) పెట్టి యాంప్‌కి వైరు ఇవ్వండి, టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియోని పీసీఎం మీద పెట్టండి. అది పెట్టకపోతే డాల్బీ సిగ్నల్ వస్తాది, చవక డాక్‌కి అది అర్థం కాదు, శబ్దమే రాదు, జనం డాక్ పాడైందనుకుని తిరిగి ఇచ్చేస్తారు.

టీవీని యాంప్‌కి కలిపాక గుయ్ మని ఆగకుండా హోరు వస్తే ముందు కేబుల్ టీవీ కోయాక్స్ వైరుని పీకి చూడండి. హోరు ఆగిందంటే అది ఎర్త్ లూప్, గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్నది దొరుకుతాది, ఆడియో వైరు మధ్యలో పెడితే పోద్ది. అంతేగానీ యాంప్ ప్లగ్గు మూడో పిన్ను మాత్రం పీకకండి, అలా చేసేవాళ్ళున్నారు.

నడిపేది ఎవరు

ఇంట్లో నడిపేది ఇదంతా పెట్టిన కుర్రాడు కాదు, వాడు హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో ఉంటాడు. నడిపేది మామ్మ. ఆవిడకి ఫోన్లో యాప్ తెరిచి గ్రూపు ఎంచుకుని వాల్యూమ్ తగ్గించమంటే కుదరదు. అందుకే ప్రతి గదిలో గోడకి నాబ్ పెట్టించమన్నది, తిప్పితే తగ్గాలి, పూర్తిగా తిప్పితే ఆగాలి, అంతే. 100 వోల్ట్ లైన్‌కి ఈ నాబులు తయారుగా దొరుకుతాయి, స్విచ్ బోర్డు బాక్సులో కూర్చుంటాయి, నాబ్ మీద రాసున్న వాట్లు ఆ గదిలో స్పీకర్ల మొత్తం వాట్ల కన్నా ఎక్కువుండేలా చూడండి.

టీవీకి సీఈసీ (హెచ్‌డీఎమ్‌ఐ వైరు మీద ఒక పెట్టె ఇంకోదాన్ని నడిపే పద్ధతి) ఆన్ చెయ్యండి, అప్పుడు స్టిక్ రిమోట్ నొక్కితే టీవీ దానంతటదే వెలుగుతాది, సౌండ్‌బార్ వాల్యూమ్ కూడా అదే రిమోట్‌తో. సెట్టింగుల్లో ఆ పేరు ఉండదు, శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్లింక్, సోనీలో బ్రావియా సింక్ అని ఉంటాది. సౌండ్‌బార్ వైరు ఏఆర్‌సీ అని రాసున్న పోర్టులోనే పెట్టాలి, పక్క దాంట్లో పెడితే శబ్దం వెనక్కి రాదు.

గొంతుతో చెప్పే స్పీకర్లు వాడితే గదుల పేర్లు పొట్టిగా, ఒకదానికొకటి పోలిక లేకుండా పెట్టండి. రెండు బెడ్‌రూములకి బెడ్‌రూమ్ వన్, బెడ్‌రూమ్ టూ అని పెడితే అర్ధరాత్రి తప్పు గదిలో పాట మొదలవుతాది. పిల్లల టీవీ పది తర్వాత ఆగాలంటే రూటర్‌లోనే ఆ టీవీకి టైము పెట్టేయండి, గొడవ పడక్కర్లేదు.

అద్దిల్లైతే, పాత ఇల్లైతే

అద్దింట్లో గోడలు కొయ్యనివ్వరు, అక్కడ స్మార్ట్ స్పీకర్ల గ్రూపే మేలు, ఇల్లు మారితే పట్టుకుపోవచ్చు. పాత మండువా ఇళ్ళకి సున్నం గోడలు మందంగా ఉంటాయి, వైఫై ఒక గది దాటి పోదు. దూలం వెంబడి పీవీసీ కేసింగ్ పట్టీ కొట్టి ఒక్క క్యాట్6 అయినా అవతలి వైపుకి లాగి అక్కడ యాక్సెస్ పాయింట్ పెట్టండి, కరెంటు వైర్ల మీద నెట్ పంపే పవర్‌లైన్ పెట్టెలు ఆ పాత వైరింగ్‌లో సరిగ్గా పనిచేస్తాయని నమ్మకం లేదు.

గాలి, పిడుగు, ఉప్పు

మనది తుఫాన్ల జిల్లా. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ, కరెంటు రోజుల తరబడి రాకపోవడం ఎలా ఉంటాదో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కళింగపట్నం, భోగాపురం వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్ళకి ఉప్పుగాలి ఇంకోటి, డిష్ దగ్గర కోయాక్స్ కనెక్టర్లు తిప్పే రకం కాకుండా నొక్కే కంప్రెషన్ రకం వేయించి పైన రబ్బరు టోపీ పెట్టించండి, లేకపోతే రెండు వానలకే తుప్పు.

రెండు ఇళ్ళ మధ్య, లేదా ఇంటి నుంచి అవతలున్న షెడ్డుకి ఆకాశం కింద క్యాట్6 లాగకండి, దగ్గర్లో పిడుగు పడితే ఆ వైరు పట్టుకుని రెండు వైపుల పెట్టెలూ పోతాయి. ఆ ముక్క వరకు ఫైబర్ వేసి రెండు కొసలా ఫైబర్‌ని లాన్ వైరుకి కలిపే మీడియా కన్వర్టర్లు పెట్టండి, గాజులో కరెంటు నడవదు.

రూటర్, నెట్‌వర్క్ స్విచ్, యాక్సెస్ పాయింట్లు ఇన్వర్టర్ లైన్లో పెట్టండి, యాంప్ అక్కర్లేదు. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ అని మీట ఉంటే అందులో పెట్టండి, లేకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ రూటర్ రీస్టార్ట్ అయి ఇంట్లో అందరూ మిమ్మల్నే తిడతారు. తుఫాను కబురు రాగానే డిష్ వైరు, బయట నుంచి వచ్చే రాగి వైర్లు అన్నీ పెట్టెల నుంచి పీకేయండి, గోడ మీద స్విచ్ ఆపితే సరిపోదు, వైరే పీకాలి. కరెంటు వచ్చాక అన్నీ ఒకేసారి పెట్టకండి, వోల్టేజ్ కాస్త కుదుటపడనిచ్చి ముందు ఫైబర్ పెట్టె, తర్వాత రూటర్, తర్వాత నెట్‌వర్క్ స్విచ్, స్ట్రీమర్, టీవీలు, అన్నిటికన్నా ఆఖర్న యాంప్. యాంప్ ముందే ఆన్‌లో ఉంటే మిగతావి వెలిగేటప్పుడు స్పీకర్లు టప్ టప్ మని కొట్టుకుంటాయి. ఆపేటప్పుడు మాత్రం యాంప్‌ని ముందు ఆపండి.